శాంతి కుదిరితే జీతం ఆగిపోయే సైనికులు

1360 మే నెలలో ఫ్రాన్స్‌లోని బ్రెతిన్యీ అనే పల్లెలో ఇంగ్లండ్, ఫ్రాన్స్ రాజుల తరఫు మనుషులు కూర్చుని సంధికి ఒప్పుకున్నారు. యుద్ధం మొదలై అప్పటికి 23 ఏళ్లు. ఫ్రాన్స్ రాజు రెండో జాన్ నాలుగేళ్ల కిందట ప్వాతియే దగ్గర పట్టుబడి ఇంగ్లండ్‌లో బందీగా ఉన్నాడు. ఆయన్ని విడిచిపెట్టడానికి 30 లక్షల బంగారు ఎక్యూలు చెల్లించాలని, ఇంగ్లీషువాళ్లు పట్టుకున్న కోటల్లో చాలావాటిని తిరిగి అప్పగించాలని లెక్క తేల్చారు. ఆ కోటల్లో ఉన్న సైనికులు ఏమైపోవాలి అన్నదానికి మాత్రం జవాబు రాయలేదు. ఖాళీ చేసి వెళ్లిపొమ్మన్నారు. దారి ఖర్చులు ఎవరిస్తారో, వెళ్లి ఏం చేసుకుని బతకాలో చెప్పినవాళ్లు లేరు.

వాళ్లలో ఇంగ్లీషువాళ్లున్నారు, గాస్కనీవాళ్లున్నారు, బ్రిటనీవాళ్లు, జర్మన్లు ఉన్నారు. ఇంట్లో పెద్ద కొడుక్కే ఆస్తి దక్కితే కత్తి నమ్ముకుని బయల్దేరిన చిన్న కొడుకులు, నేరం చేసి ఊరొదిలిన వాళ్లు, పొలం పనికన్నా విల్లు మేలనుకున్న రైతు బిడ్డలు. ఏళ్ల తరబడి చుట్టుపక్కల ఊళ్ల దగ్గర కప్పం వసూలు చేసుకుని బతికారు. ‘మీ ఊరు తగలబెట్టకుండా ఉండాలంటే నెలకింత’ అన్న బేరం వాళ్లకు కొత్త కాదు. రాజు పేరు మీద చేసినంతకాలం దాన్ని యుద్ధం అన్నారు. సంధి తర్వాత అదే పని దొంగతనం అయింది. పనివాళ్లు అదే పని చేస్తూ పోయారు.

దండులు దండులుగా కలిసి రోన్ నది వెంట దక్షిణానికి దిగారు. ముందు వచ్చినవాళ్లు ఊళ్లు ఊడ్చేశాక వచ్చారు కాబట్టి జనం వీళ్లకు ‘ఆలస్యంగా వచ్చినవాళ్లు’ అని పేరు పెట్టారు. 1360 డిసెంబరు చివర్లో ఒక రాత్రి పోంట్-సెంట్-ఎస్ప్రీ పట్టణాన్ని పట్టుకున్నారు. అది రోన్ మీద వంతెన ఉన్న ఊరు, పోపు నివాసమైన అవిన్యోన్‌కి ఎగువన. వంతెన చేతికొస్తే పోపు నగరానికి తిండీ సరుకూ వచ్చే దారి చేతికొచ్చినట్టే. అప్పటి పోపు ఆరో ఇన్నొసెంట్ వాళ్లను వెలివేసి, వాళ్లమీద ధర్మయుద్ధం ప్రకటించాడు. వచ్చి పోరాడినవాళ్లకు పాపక్షమాపణ ప్రసాదిస్తానన్నాడు. యోధులు వచ్చారు. జీతం ఎంత అని అడిగారు. జీతం లేదు, పుణ్యమే అని తెలిసి కొందరు ఇంటిదారి పట్టారు, కొందరు నేరుగా వెళ్లి ఎదుటి దండులోనే చేరారు. చివరికి పోపు డబ్బే ఇవ్వాల్సి వచ్చింది. ఆ డబ్బుతో 1361లో ఒక పెద్ద దండు ఆల్ప్స్ దాటి, మిలాన్ మీద యుద్ధం చేస్తున్న మోన్‌ఫెరాట్ ప్రభువు కొలువులోకి ఇటలీ వెళ్లింది. వైట్ కంపెనీ అని చరిత్రలో నిలిచిన దండు అదే. వెనక ఉండిపోయినవాళ్లు 1362 ఏప్రిల్ 6న లియోన్ దగ్గర బ్రిన్యేలో ఏకంగా ఫ్రాన్స్ రాజు సైన్యాన్నే ఓడించారు. రాజబంధువు జాక్ ద బుర్బాన్ ఆ గాయాలతోనే పోయాడు.

కిరాయి సైనికుల గురించి మనకు దొరికే రాతల్లో ఎక్కువ భాగం మతగురువులూ నగరాల చరిత్రకారులూ రాసినవి, అంటే వాళ్ల చేతుల్లో దెబ్బ తిన్నవాళ్లు రాసినవి. వాటి నిండా రాక్షసులే కనిపిస్తారు. దుర్మార్గం కల్పితమేమీ కాదు. కాని ఒక నగరాన్ని శీతాకాలమంతా కాపాడిన మనిషే వేసవిలో ఆ నగరం గోధుమ చేలకు నిప్పు పెట్టాడంటే, ఈ మధ్యలో అతని స్వభావం మారిపోయిందని అనుకోవడానికి లేదు. ఒప్పందం గడువు తీరింది, అంతే. వీళ్ల ప్రవర్తనను అర్థం చేసుకోవడానికి క్రౌర్యం గురించిన కథలకంటే జీతాల పద్దులే ఎక్కువ ఉపయోగపడతాయి.

పద్నాలుగో శతాబ్దం దీన్నేమీ కొత్తగా కనిపెట్టలేదు. 1179లో జరిగిన క్రైస్తవ మతపెద్దల మూడో లాటరన్ మహాసభ బ్రబాంట్, అరగాన్, నవార్ కిరాయి మూకలను పేర్లు పెట్టి మరీ శపించింది. 1215లో ఇంగ్లండ్ ప్రభువులు రాజు చేత సంతకం లాంటి ముద్ర వేయించుకున్న మాగ్నా కార్టాలో, విదేశీ యోధులనూ విలుకాళ్లనూ కిరాయి సైనికులనూ దేశం నుంచి పంపేయాలన్న షరతు 51వది. ఆ రాజులే ఆ తర్వాతా వాళ్లను కుదుర్చుకుంటూనే ఉన్నారు.

జీతం ఎగ్గొడితే ఏమవుతుందో చూపించడానికి కాటలన్ దండు కథ ఒక్కటి చాలు. తుర్కులతో పోరాటానికి బైజాంటైన్ చక్రవర్తి రెండో ఆండ్రోనికస్ 1303లో రోజర్ ద ఫ్లోర్ నాయకత్వంలో వాళ్లను పిలిపించాడు. గెలిచారు. జీతాలు పేరుకుపోయాయి, గొడవలు ముదిరాయి, 1305లో రోజర్‌ను విందుకు పిలిచి చంపేశారు. దండు రెండేళ్లపాటు థ్రేస్ ప్రాంతాన్ని చెరిగి పారేసింది. తర్వాత ఏథెన్స్ ప్రభువు వాల్టర్ వాళ్లను కుదుర్చుకుని పని చేయించుకున్నాడు. పని అయ్యాక తనకు కావలసిన కొన్ని వందలమందిని ఉంచుకుని, మిగతావాళ్లను నెలల జీతం బాకీ పెట్టి పొమ్మన్నాడు. 1311 మార్చిలో వాళ్లు అతన్ని యుద్ధంలో చంపి ఏథెన్స్‌ను తామే తీసుకున్నారు. ఆ రాజ్యం 1388 దాకా కాటలన్ల చేతిలోనే ఉంది. బాకీల వసూలు చరిత్రలో దీన్ని మించింది కనబడదు.

పద్దులు రాసే నగరాలు

ఇటలీ వేరే లోకం. ఫ్లోరెన్స్, పీసా, సియెనా, వెనిస్ లాంటివి వర్తక నగరాలు. పన్నుల రాబడి పుష్కలం, యుద్ధానికి పంపగలిగిన మనుషులు తక్కువ. ఉన్ని వ్యాపారినో బ్యాంకు గుమాస్తానో ఆరు నెలలు దండులో ఉంచితే ఊరి వ్యాపారం మూతపడుతుంది. దాన్ని మించిన భయం ఇంకొకటుంది. ఈ నగరాలు ముఠాలతో కుళ్లిపోయి ఉన్నాయి. సొంత ఊరి ప్రభువు చేతికి సైన్యం ఇస్తే రేపు ఊరికే రాజవుతాడు. అందుకే న్యాయాధికారిని కూడా పక్క ఊరి నుంచి గడువు మీద తెచ్చుకుని, జీతమిచ్చి, గడువు తీరగానే లెక్కలు తనిఖీ చేసి పంపేసేవారు. సైన్యాన్నీ అదే పద్ధతిలో తెచ్చుకున్నారు. బయటివాడికి ఊళ్లో బంధువులుండరు, ముఠా ఉండదు, పని అయ్యాక పోతాడు. ఇందులో తర్కం ఉంది. పోయినవాడు పొలిమేరలోనే ఆగిపోతే ఏం చేయాలన్నది మాత్రం ఆలోచించలేదు.

ఒప్పంద పత్రాన్ని ‘కొండొట్టా’ అనేవారు. దాన్ని పుచ్చుకున్న నాయకుడు కొండొట్టియేరె. రాసేది నోటరీ, లాటిన్‌లో. ఎన్ని జట్లు తేవాలి, ఎన్ని నెలలు పనిచేయాలి, ఆ తర్వాత నగరం ఇష్టపడితే ఇంకెంతకాలం పొడిగించవచ్చు, ముందస్తు బయానా ఎంత, కోట గెలిస్తే ఎవరికేం దక్కుతుంది, అన్నీ అందులో ఉంటాయి. సాధారణంగా ఊళ్లూ కోటలూ భూమీ నగరానికి. కదిలించగలిగిన సొత్తు సైనికులకు. బందీల్లో పేరున్న శత్రు నాయకులనూ నగరం వెలివేసిన ద్రోహులనూ అప్పగించాలి. మిగతావాళ్లను పట్టుకున్నవాడే ఉంచుకుని విడుదల సొమ్ము రాబట్టుకోవచ్చు. పని వదిలాక ఇన్ని నెలలపాటు ఈ నగరం మీదికి రాకూడదన్న షరతు కూడా ఉండేది. అది రాయాల్సి వచ్చిందంటేనే ఎవరికి ఎవరిమీద ఎంత నమ్మకముందో తెలుస్తుంది.

జీతాల లెక్కకు ప్రమాణం ‘లాన్స్’ అనే ముగ్గురి జట్టు: పూర్తి కవచం తొడిగిన యోధుడు, అతని అనుచరుడు, ఒక కుర్రవాడు. ఇటలీలో ఈ ముగ్గురి లెక్కను వాడుకలోకి తెచ్చింది వైట్ కంపెనీయే. హాజరు పట్టీ రోజున ఈ జట్లు వరసగా నిలబడితే నగర గుమాస్తా ఒక్కొక్కరి పేరూ ఊరూ రాసుకునేవాడు. మనిషి కంటే గుర్రం గురించే ఎక్కువ రాసేవాడు: రంగు, నుదుటి మచ్చ, కాళ్ల తెలుపు, వెల. తర్వాత దానికి వాత పెట్టి గుర్తు వేసేవారు. ఇందుకు కారణముంది. పనిలో గుర్రం చస్తే నగరం పరిహారం ఇవ్వాలి. గుర్తు లేకపోతే కుంటి గుర్రం చచ్చినా కవాతు గుర్రం ఖరీదు అడుగుతారు. ఒకే గుర్రాన్ని పొద్దున ఒక జట్టులో, మధ్యాహ్నం ఇంకో జట్టులో నిలబెట్టి రెండు జీతాలు గుంజే నాయకులూ ఉన్నారు. హాజరులో గుర్రం తక్కువైతే జరిమానా, కవచంలో లోపం ఉంటే జరిమానా, ఆ జరిమానాలన్నీ జీతంలోంచి కోత. ఇవి కాక నగరం తన పన్ను కూడా అందులోనే మినహాయించుకునేది. ఫ్లోరెన్స్ గుమాస్తాల పద్దులు చదివితే యుద్ధం జరుగుతోందని మర్చిపోతాం. ఏదో పెద్ద గుత్త పని బిల్లులు పాస్ చేస్తున్నట్టే ఉంటుంది.

సైనికుడి వైపు నుంచి చూస్తే ఈ కోతల అర్థం వేరు. గుర్రమూ కవచమూ అతని సొంతం. చాలావరకు అప్పుతో కొన్నవి. గుర్రం పోయి, పరిహారం రావడానికి నెలలు పడితే అతను గుర్రపు జట్టులోంచి కాలిబంట్లలోకి దిగజారతాడు. జీతం సగమవుతుంది, వడ్డీ మాత్రం తగ్గదు. దండు వెంట వడ్డీ వ్యాపారులూ, కుదువ సామాను కొనేవాళ్లూ నడిచేవారు. చాకళ్లు, వంటవాళ్లు, పురోహితులు, ఆడవాళ్లు, పిల్లలు సరేసరి. దోచిన సొత్తు చాలామటుకు వీళ్ల చేతుల్లోకే చౌకగా పోయేది. కత్తి దెబ్బల కంటే శిబిరం జ్వరాలే ఎక్కువమందిని తీసుకుపోయేవి.

పెద్ద దండులకు సొంత పాలన ఉండేది. 1350లలో మోరియాలె అని ఇటాలియన్లు పిలిచిన ప్రొవాంస్ మనిషి నడిపిన ‘మహా దండు’కు కోశాధికారి ఉన్నాడు, కార్యదర్శులున్నారు, తగువులు తీర్చే న్యాయమూర్తులున్నారు. దోపిడీ సొత్తును ఒకచోట పోసి, హోదాను బట్టి పంచుకునేవారు. దండు లోపల దొంగతనం చేస్తే ఉరి. నగరాలతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిగేవి. అదొక తిరుగుతున్న ప్రభుత్వం. మోరియాలెను 1354లో అప్పుడు రోమ్‌ను ఏలుతున్న కోలా ది రియెంజో పట్టుకుని తల తీయించాడు. ఆ దండు మరో నాయకుడి కింద అలాగే నడిచింది. దానికి ముందుతరం నాయకుడు వెర్నర్ వాన్ ఉర్స్‌లింగెన్ తన రొమ్ము కవచం మీద ‘దేవుడికీ, దయకూ, కరుణకూ శత్రువుని’ అని రాయించుకున్నాడంటారు. ఆ రాతను క్రౌర్యానికి గుర్తుగా చూపిస్తారుగానీ అది వ్యాపార ప్రకటన కూడా. పేరు చూసి భయపడి ఊరు డబ్బు కట్టేస్తే, గోడలెక్కి ప్రాణాలు పోగొట్టుకునే పని ఉండదు.

హాక్‌వుడ్ అనే గుత్తేదారు

జాన్ హాక్‌వుడ్ ఇంగ్లండ్‌లో ఎసెక్స్ ప్రాంతపు సిబుల్ హెడింగమ్ ఊరివాడు. చిన్నపాటి భూస్వామి కొడుకు, అదీ చిన్న కొడుకు. వైట్ కంపెనీతో ఇటలీ వచ్చాడు. మొదట నాయకుడు అల్బర్ట్ స్టెర్జ్ అనే జర్మన్. 1363లో ఫ్లోరెన్స్‌తో యుద్ధం చేస్తున్న పీసా ఆ దండును కుదుర్చుకుంది, కొద్దికాలానికే పగ్గాలు హాక్‌వుడ్ చేతికొచ్చాయి.

ఇటాలియన్లను ఈ ఇంగ్లీషువాళ్ల తీరు ఆశ్చర్యపరిచింది. చలికాలంలోనూ రాత్రిపూటా యుద్ధం చేసేవారు. గుర్రాలు దిగి, ఒక్కో బరువైన బల్లేన్ని ఇద్దరేసి పట్టుకుని, ఒత్తుగా గుండ్రంగా నిలబడి మెల్లగా ముందుకు నడిచేవారు. కుర్రవాళ్లు వెనక గుర్రాలు పట్టుకునేవారు. పొడవాటి విల్లులతో విలుకాళ్లు వెంట ఉండేవారు. కవచాలను అద్దాల్లా తోమించేవారు. నిచ్చెనలను ముక్కలుగా మోసుకొచ్చి ఒకదాంట్లో ఒకటి దూర్చి గోడలెక్కేవారు. చీకట్లో పల్లెల్ని దోచడంలో చూపే నేర్పు బయలు యుద్ధంలో చూపరని ఒక ఫ్లోరెన్స్ చరిత్రకారుడు విసురుగా రాశాడు. 1364 జులైలో కాషీనా దగ్గర పీసా పక్షం ఫ్లోరెన్స్ చేతిలో ఓడింది కూడా. ఓడినా హాక్‌వుడ్ తన దండును చాలావరకు దక్కించుకున్నాడు. ఈ వృత్తిలో అదే పెట్టుబడి. మనుషులు మిగిలితే ఇంకో ఒప్పందం దొరుకుతుంది.

1375 వేసవి ఈ వ్యాపారపు అసలు రూపం చూపిస్తుంది. అప్పుడు హాక్‌వుడ్ మిలాన్ మీద యుద్ధంలో పోపు కొలువులో ఉన్నాడు. జూన్‌లో పోపు మిలాన్‌తో సంధి చేసుకున్నాడు. వేలమంది సైనికులకు బాకీ, చేతిలో పని లేదు, కోతకొచ్చిన గోధుమ పంట ఎదురుగా టస్కనీలో. దండు ఆ దారి పట్టింది. ఫ్లోరెన్స్ ప్రతినిధులు ఎదురెళ్లి బేరమాడి 1,30,000 బంగారు ఫ్లోరిన్లకు ఒప్పుకున్నారు. సియెనా, పీసా, లూకా, అరెత్సో కూడా వరసగా కట్టుకున్నాయి. అంతటితో ఆగక ఫ్లోరెన్స్ హాక్‌వుడ్‌కు ఏడాదికి 1,200 ఫ్లోరిన్ల జీవితకాలపు భరణం రాసిచ్చింది. ఇప్పుడు పోపు దగ్గర పనిచేస్తూనే అతను ఫ్లోరెన్స్ నుంచి సొమ్ము తీసుకుంటున్నాడు, అదీ బాహాటంగానే. ఇక ఆ 1,30,000 ఎక్కణ్ణుంచి తేవాలి? పోపే ఈ దండును తమ మీదికి వదిలాడని ఫ్లోరెన్స్ నమ్మింది. అందుకని చర్చి ఆస్తుల మీద బలవంతపు పన్ను వేసింది. పోపుకీ ఫ్లోరెన్స్‌కీ మధ్య మూడేళ్లు నడిచిన యుద్ధానికి ఇది ఒక మొదలు.

ఫ్లోరెన్స్ ఇలాంటి దెబ్బలు తట్టుకుంది. సియెనా తట్టుకోలేకపోయింది. 1342 నుంచి శతాబ్దం చివరి దాకా ఆ నగరం మీద 30 సార్లకు పైగా దండులు విరుచుకుపడ్డాయి. ప్రతిసారీ డబ్బు, తిండి, గుర్రాలకు గడ్డి, నాయకులకు కానుకలు. ప్రతిసారీ పౌరుల దగ్గర బలవంతపు అప్పులు, పల్లెల మీద కొత్త పన్నులు. పన్ను కట్టలేక రైతు ఊరొదిలితే వచ్చే ఏడు పన్నుకు మనిషే ఉండడు. గోడల లోపలివాళ్లు డబ్బు పోగొట్టుకుని ప్రాణాలు దక్కించుకున్నారు. గోడల బయటివాళ్లు పశువులు, ద్రాక్షతోటలు, విత్తనాల గింజలు పోగొట్టుకున్నారు. ద్రాక్షతీగ నరికితే మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. దండుల గురించి రాసిన చరిత్రల్లో ఈ తీగల లెక్క తక్కువగా కనబడుతుంది.

చెజేనా

జీతమూ ఒప్పందమూ ఉంటే సైనికుడు అదుపులో ఉంటాడన్న వాదన చెజేనా దగ్గర చిక్కులో పడుతుంది. 1377 ఫిబ్రవరిలో ఆ పట్టణంలో బ్రిటనీ కిరాయి సైనికులు మకాం వేసి ఉన్నారు. వాళ్లను తెచ్చింది పోపు ప్రతినిధి, జెనీవా కార్డినల్ రాబర్ట్. చెజేనా పోపుకు ఎదురు తిరిగిన ఊరు కాదు, ఆయనకు కట్టుబడి ఉన్న ఊరు. చేతిలో డబ్బాడని సైనికులు కొట్ల మీద పడి తిండి సామాను లాక్కోవడం మొదలుపెట్టారు. మాంసం కొట్ల దగ్గర గొడవ రేగింది. జనం తిరగబడి కొన్ని వందలమంది బ్రిటనీవాళ్లను చంపేశారు.

కార్డినల్ జనాన్ని తప్పుపట్టలేదు. క్షమించానని మాట ఇచ్చి ఆయుధాలు అప్పగించమన్నాడు. అప్పగించారు. అప్పుడు ఫాయెంజాలో ఉన్న హాక్‌వుడ్‌కు కబురు పెట్టాడు. అతని మనుషులూ మిగిలిన బ్రిటనీవాళ్లూ కలిసి నిరాయుధంగా ఉన్న పట్టణం మీద పడ్డారు. చచ్చినవాళ్లు 2,500 అని కొందరు, 5,000 అని కొందరు రాశారు. కోట కందకాలు శవాలతో నిండాయి. హాక్‌వుడ్ మొదట వెనకాడాడనీ, కార్డినల్ రక్తమే కావాలన్నాడనీ, తర్వాత హాక్‌వుడ్ వెయ్యిమంది ఆడవాళ్లను రిమినీకి క్షేమంగా పంపాడనీ చెప్పే రాతలున్నాయి. నిజమే కావచ్చు. పంపినది అతనే అయితే, ఊళ్లోకి దండును నడిపించినదీ అతనే.

చెజేనాలో జరిగింది పనిలేని దండు చేసిన దోపిడీ కాదు. యజమాని ఆజ్ఞ ఇచ్చాడు, కొలువులో ఉన్నవాడు అమలు చేశాడు. ఒప్పందం సైనికుడి కత్తిని యజమాని మీదికి రాకుండా ఆపుతుంది. యజమాని ఎవరి మీదికి చూపిస్తే వాళ్ల మీదికి పోకుండా ఆపదు. అందులో పేరు లేని చెజేనా చెప్పులవాడికి అది ఇచ్చే రక్షణ ఏమీ లేదు. గొడవ మొదలైంది మాత్రం మళ్లీ జీతం దగ్గరే: పోపు ఖజానా సైనికులకు సొమ్ము పంపి ఉంటే మాంసం కొట్టు దగ్గర కత్తులు లేచేవి కావు. ఆ కాలంలో పోపు దగ్గర హాక్‌వుడ్‌కూ బాకీ పేరుకుపోయింది. డబ్బుకు బదులు బాన్యాకవాల్లో, కొటిన్యోలా ఊళ్లు రాసిచ్చారు. బాన్యాకవాల్లోను అతను కొన్నేళ్లకు ఫెరారా ప్రభువులకు అమ్మేసుకున్నాడు.

అదే ఏడు హాక్‌వుడ్ పోపును వదిలి ఫ్లోరెన్స్, మిలాన్ కూటమిలోకి మారాడు. మిలాన్ ప్రభువు బెర్నాబో విస్కోంటి తనకు వివాహేతరంగా పుట్టిన కూతురు డొన్నీనాను ఇచ్చి పెళ్లి చేశాడు. కార్డినల్ రాబర్ట్ సంగతీ చెప్పాలి: మరుసటి ఏడు, 1378లో, ఒక వర్గం కార్డినళ్లు ఆయన్ని పోపుగా ఎన్నుకున్నారు. ఏడో క్లెమెంట్ అనే పేరుతో అవిన్యోన్‌లో పీఠమెక్కాడు.

చావులు లేని యుద్ధాలు, చచ్చిన నాయకులు

ఫ్లోరెన్స్ రాజనీతి రచయిత మాకియవెల్లి ఈ దండుల మీద కత్తి కట్టాడు. వీళ్ల యుద్ధాలు ఉత్త నాటకాలనీ, 1440లో ఆంగియారి దగ్గర గంటల తరబడి పోరాడితే చచ్చింది ఒక్కడే, అదీ గుర్రం మీద నుంచి పడి అనీ రాశాడు. అది అబద్ధం, ఆంగియారిలో చచ్చినవాళ్లు వందల్లో ఉన్నారు. అయితే అతిశయోక్తి వెనక ఒక నిజముంది. 1387 మార్చి 11న కాస్తన్యారో దగ్గర పాడువా తరఫున హాక్‌వుడ్ గెలిచిన తీరు చూడండి. వెరోనా సైన్యం పెద్దది. అతను వెనక్కి తగ్గుతూ తగ్గుతూ, అడిజె నది పక్కన, ముందు నీటి కాలువ ఉన్న చోటికి శత్రువును లాక్కొచ్చాడు. వాళ్లు కట్టెల మోపులు వేసి కాలువ దాటడంలో మునిగి ఉండగా గుర్రపు దళాన్నీ విలుకాళ్లనూ పక్క నుంచి చుట్టి పంపాడు. వెరోనావాళ్లు వేలల్లో పట్టుబడ్డారు, నాయకులతో సహా. చంపితే ఏం వస్తుంది? పెద్దవాడైతే విడుదల సొమ్ము వస్తుంది; సామాన్య సైనికుడి గుర్రం, కవచం లాక్కుని వదిలేస్తే తిండి ఖర్చు తప్పుతుంది. పైగా నేటి బందీ రేపు మన దండులోనే చేరవచ్చు, నేటి విజేత రేపు బందీ కావచ్చు. ఈ మర్యాద వృత్తిలో ఉన్నవాళ్ల మధ్యే. కాస్తన్యారో చుట్టుపక్కల పొలాలకు అది వర్తించలేదు.

ఇక్కడే యజమానులకు కడుపుమంట. శత్రువును ఓడించగలిగి కూడా తరిమి నాశనం చేయకపోతే, యుద్ధాన్ని సాగదీసి జీతం తింటున్నాడని అనుమానం. కార్మాన్యోలా అనే దండు నాయకుడు మిలాన్ కొలువు వదిలి వెనిస్‌లో చేరి, 1427 అక్టోబరులో మక్లోదియో దగ్గర పాత యజమానినే చిత్తుగా ఓడించాడు. పట్టుబడిన సైనికులను వృత్తి ఆచారం ప్రకారం వదిలేశాడు. వాళ్లు మళ్లీ మిలాన్ దండులో కనిపించారు. ఆ తర్వాత అతని కదలికలు మందగించాయి, పాత యజమానితో ఉత్తరాలు నడుస్తున్నాయని వెనిస్‌కు తెలిసింది. 1432లో సలహా కోసమని పిలిపించి, మర్యాదలు చేసి, నగరాధిపతి అయిన డోజి భవనంలోనే బంధించారు. మే 5న, మాట్లాడకుండా నోట్లో గుడ్డ కుక్కి, నగర చౌకులోని రెండు స్తంభాల మధ్య తల నరికారు. వైట్ కంపెనీ మొదటి నాయకుడు స్టెర్జ్‌కూ 1366లో పెరూజియాలో ఇదే గతి పట్టింది. తప్పించుకుపోయిన నాయకుల బొమ్మలను తలకిందులుగా వేలాడుతున్నట్టు ఊళ్లో గోడల మీద వేయించడం ఫ్లోరెన్స్ అలవాటు.

అందరూ నాయకులు కాలేదు. దండుల్లో సామాన్యుల బతుకు మనకు తునకలు తునకలుగా మాత్రమే దొరుకుతుంది. హాక్‌వుడ్ దగ్గర పనిచేసిన విలియం గోల్డ్ అనే ఇంగ్లీషు దళనాయకుడి ఉత్తరాలు 1378 నాటివి మాంటువా ప్రభువుల దస్త్రాల్లో మిగిలాయి. జానెట్ అనే ఫ్రెంచి స్త్రీ తన 500 ఫ్లోరిన్లతో పారిపోయిందనీ, మీ ఊళ్లో ఉంటే పట్టుకోమనీ మొదలవుతుంది. ఉత్తరాలు సాగేకొద్దీ డబ్బు ఊసు తగ్గిపోయి, ఆమెను ఎలాగైనా ఆపి ఉంచమన్న వేడుకోలే మిగులుతుంది. ఊళ్లకు నిప్పుపెట్టే దండులో మనిషి రాసిన ప్రేమ లేఖలు ఇవే అనుకోవాలి.

హాక్‌వుడ్ చివరి ఏళ్లు ఫ్లోరెన్స్ కొలువులోనే గడిచాయి. ఇంగ్లండ్‌లో భూములు కొంటూ, టస్కనీలో ఉన్నవి అమ్మి ఇంటికి పోదామన్న ఏర్పాట్లలో ఉండగా 1394 మార్చి 17న చనిపోయాడు. అతని గురించి ఫ్లోరెన్స్‌లో చెప్పుకునే కథ ఒకటుంది. ఇద్దరు సన్యాసులు ఎదురై ‘దేవుడు నీకు శాంతినిచ్చుగాక’ అన్నారట. ‘మీకు భిక్ష దొరక్కుండా పోవుగాక’ అన్నాడట హాక్‌వుడ్. బిత్తరపోయిన సన్యాసులతో, నేను యుద్ధం మీద బతికేవాణ్ని, శాంతి వస్తే ఆకలితో చావాలి, మీ దీవెన నాకు అలాంటిదే కదా అన్నాడట. నగరం మొదట పాలరాతి సమాధి కడతానంది. చివరికి 1436లో పాయోలో ఉచ్చెల్లో చేత కేథడ్రల్ గోడ మీద, కంచు విగ్రహంలా కనిపించేలా ఆకుపచ్చ రంగు బొమ్మ వేయించి సరిపెట్టింది. అందులోనూ మొదట వేసింది నచ్చక చెరిపించి మళ్లీ వేయించింది. పద్దుల దగ్గర పట్టు విడవని ఊరు మరి.

ఏడాది పొడుగునా జీతం

ఇటలీలో పదిహేనో శతాబ్దానికి ఒప్పందాల గడువులు పెరిగాయి. పనిలేని కాలానికీ సగం జీతమిచ్చి నాయకుణ్ని తమ దగ్గరే ఉంచుకోవడం నగరాలు నేర్చుకున్నాయి. దానివల్ల దండుల దోపిడీ తగ్గింది, నాయకుల బలం పెరిగింది. కొటిన్యోలాలో పుట్టిన ఒక సైనికుడి కొడుకు ఫ్రాంచెస్కో స్ఫోర్జా 1450లో మిలాన్‌కే ప్రభువయ్యాడు. బయటివాణ్ని తెచ్చుకుంటే రాజు కాడన్న పాత లెక్క అక్కడితో తప్పింది.

జీతానికీ ప్రవర్తనకూ ఉన్న ముడి ఎక్కువ స్పష్టంగా కనబడేది మళ్లీ ఫ్రాన్స్‌లో. 1435లో ఫ్రాన్స్ రాజుకూ బర్గండీ ప్రభువుకూ కుదిరిన ఆరాస్ సంధి తర్వాత అక్కడ 1360 నాటి కథే తిరిగి నడిచింది. పనిలేని దండులు పల్లెల మీద పడ్డాయి. ఒంటి మీది చొక్కా దాకా ఒలుస్తారని జనం వాళ్లను ‘తోలు వలిచేవాళ్లు’ అన్నారు. రాజు ఏడో చార్లెస్ 1444లో వాళ్లలో వేలమందిని తన కొడుకు వెంట స్విస్ సరిహద్దుకు తరలించి కొంత భారం దించుకున్నాడు. 1445లో మిగిలినవాళ్లను ఏరి, జట్టుకు 6 మంది చొప్పున వంద జట్లతో ఒక దళం లెక్కన 15 దళాలు నిలిపాడు. పట్టణాల్లో బస, యుద్ధం ఉన్నా లేకపోయినా క్రమంగా జీతం, క్రమంగా తనిఖీ. ఏరగా మిగిలినవాళ్ల పాత నేరాలకు క్షమాపణ పత్రాలిచ్చి ఇళ్లకు పంపాడు. దళనాయకుల్లో నిన్నటిదాకా ఊళ్లు దోచినవాళ్లూ ఉన్నారు. కొద్ది ఏళ్లలోనే రోడ్లు నెమ్మదించాయి.

ఈ జీతాల కోసం ‘తాయ్’ అనే పన్నును రాజు ఏటా, ఎవరి అనుమతీ అడక్కుండా వసూలు చేయడం మొదలుపెట్టాడు. ప్రభువులకూ మతగురువులకూ మినహాయింపు దొరికింది. దండులకు కప్పం కట్టిన రైతులే దీన్నీ కట్టారు, 1789 విప్లవం దాకా.